రిటైరయ్యాక ఒంటరిగా విదేశంలో ఉండాలంటే: కడప నుంచి చూస్తే ఏ దేశం ఎవరికి?

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో అద్దె ఇంటి బాత్రూంలో కాలు జారి పడ్డాను. ఎడమ చెయ్యి వాచిపోతే ఆసుపత్రికి పోయాను. అక్కడ ఇచ్చిన ఫారంలో పేరు, వయసు, పాస్‌పోర్టు నంబరు అన్నీ గబగబా రాసేశాను గానీ ఒక గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అని ఉంది అందులో. ఆ ఊళ్లో నాకు ముఖపరిచయం ఉన్నది ఇద్దరితోనే, ఇల్లు అద్దెకిచ్చినామె, వీధి చివర కొబ్బరి బోండాలు అమ్మే ముసలాయన. చివరికి బెంగళూరులో ఉండే మా అక్క కొడుకు నంబరు రాశాను. వాడు అక్కడికి రావాలంటే టికెట్ దొరికి, విమానం ఎక్కి, దిగి, మళ్లీ ఇంకోటి ఎక్కి, ఎంత లేదన్నా ఒక రోజు. చెయ్యి విరగలేదు, బెణికిందంతే, కట్టు కట్టి మాత్రలిచ్చి పంపించారు.

అప్పటిదాకా నేను దేశాలను అద్దె ఎంత, ఎండ ఎంత, కూరగాయలు ఎంత అని పోల్చుకుంటూ వచ్చాను. వీడియోల్లో అందరూ చెప్పేది అదే కదా. ఆ గడి చూశాక నా పట్టిక మొత్తం తలకిందులైంది. ఇక్కడ రాసేది ఆ తిరగరాసిన పట్టికే.

నా సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఎవరి లెక్క వాళ్లది. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మాస్టర్‌గా చేసి 62 ఏళ్లకు రిటైరయ్యాను. మా ఆయన పోయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. కడపలో సొంత ఇల్లు, నెలకు అరవై వేలకు కాస్త తక్కువ పెన్షన్, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు కొంత బ్యాంకులో. షుగర్ ఉంది, అదుపులోనే ఉంది. కడప ఎండలకు మే నెలలో ఇల్లు దాటలేక, సాయంత్రమైతే ఎవరితో మాట్లాడాలో తెలీక, ఒకసారి బయట ఎక్కడైనా ఉండి చూద్దామనుకున్నాను. మా పక్కింటి రమీజా అయితే నవ్వింది: "కువైట్ నుంచి అందరూ ఇంటికొస్తాంటే నువ్వేంది మేడమ్, ఉల్టా పోతాండావు?" అడగాల్సిన ప్రశ్నే. మన జిల్లాలో విదేశం అంటే కష్టపడి సంపాదించి ఇంటికి పంపే చోటు. ఇక్కడి పెన్షన్ తీసుకుపోయి అక్కడ ఖర్చు పెట్టుకోవడం మనకు కొత్త సంగతి, అందుకే అడిగి తెలుసుకుందామన్నా మన ఊళ్లో చెప్పేవాళ్లు తక్కువ.

ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఒంట్లో బాగాలేని రోజు ఎన్ని గంటల్లో ఇంటికి చేరగలం అనేది. కడప నుంచి చూస్తే మనకు దగ్గరి పెద్ద విమానాశ్రయాలు చెన్నై, బెంగళూరు. అక్కడి నుంచి నేరుగా విమానం ఉన్న దేశం వేరు, ఢిల్లీయో ముంబయో తిరిగి పోవాల్సిన దేశం వేరు. ఇద్దరుంటే ఇది అంత పెద్ద విషయం కాదు, ఒకరు ఇంకొకరిని చూసుకుంటారు. ఒక్కరే ఉన్నవాళ్లకు ఇదే మొదటిది.

రెండోది వైద్యం. ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే మన ఈహెచ్‌ఎస్ ఆరోగ్య కార్డు, 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్‌లో ఇచ్చే 5 లక్షలు, ఇక్కడ కట్టుకుంటున్న మామూలు ఆరోగ్య బీమా, ఇవేవీ దేశం దాటితే పనిచేయవు. విదేశీ బీమా అరవై దాటాక ఖరీదు, అందులోనూ పాత షుగర్, బీపీలను మినహాయించేవే ఎక్కువ. బీమా ఉంది అని ధైర్యపడే ముందు, నాకున్న జబ్బుకు ఉందా అని అడగాలి.

మూడోది వీసా దేని మీద నిలబడి ఉంది అనేది. కొన్ని దేశాలు ఒక మొత్తం చూపించమంటాయి, కొన్ని నెలనెలా ఇంత ఆదాయం రావాలంటాయి, కొన్ని ఇల్లు కొనమంటాయి. మన పెన్షనర్లకు రిటైరైనప్పుడు వచ్చిన మొత్తం చేతిలో ఉంటుంది గానీ నెల ఆదాయం విదేశీ కొలతలకు సరిపోదు. అందుకని మొత్తం చూపించే దారి మనకు తేలిక, ఆదాయం చూపించే దారి కష్టం. జీవితాంతం పెద్ద ఉద్యోగం చేసి, ఇళ్ల అద్దెలు కూడా వచ్చేవాళ్లకు ఇది తిరగబడుతుంది.

నాలుగోది, నచ్చకపోతే బయటపడే దారి. డబ్బు ఎంత ఇరుక్కుంటుంది, ఎన్నాళ్లు ఇరుక్కుంటుంది. ఇక భాష, తిండి. వీటి గురించి ఒక్క మాట. తిండికి మనిషి అలవాటు పడతాడు, బియ్యం దొరికితే చాలు, రాగిపిండి, వేయించిన చెనిక్కాయలు సంచీలో పట్టుకుపోవచ్చు. భాష అలా కాదు, నొప్పి ఎక్కడో చెప్పుకోలేకపోతే ఎంత మంచి డాక్టరైనా ఏం చేస్తాడు.

డబ్బు దాటించే లెక్క

ఏ దేశమైనా ఇది అందరికీ ఒకటే, పైగా ఇక్కడే జనం తప్పులు చేస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. దానికి బ్యాంకులో ఏ2 ఫారం (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు), పాన్ కార్డు కావాలి. చదువుకో వైద్యానికో కాక ఇలా ఉండడానికి పంపేది ఏడాదిలో 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు ముందుగా తీసుకునే పన్ను) పట్టుకుంటారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 7 లక్షలే ఉండేది. టీసీఎస్ పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది, మిగిలితే వెనక్కి వస్తుంది. కానీ అన్ని నెలలు ఆ డబ్బు చేతిలో ఉండదు. ఉదాహరణకు 22 లక్షలు ఒకే ఏడాదిలో పంపితే 12 లక్షల మీద 2 లక్షల 40 వేలు పట్టుకుంటారు. అదే మార్చిలో 10, ఏప్రిల్లో 12 పంపితే 40 వేలతో పోతుంది. నేను పోయిన బ్యాంకులో కౌంటర్లో అమ్మాయికి ఈ సంగతి తెలీదు, మేనేజరు కూడా మొదట ఒకేసారి పంపేయండి మేడమ్ అన్నాడు. మనం తెలుసుకొని పోవాలి అంతే.

ఎన్నాళ్లని చెప్పకుండా ఉండిపోవడానికే పోతే, ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇక్కడుండే ఖాతా) మార్పించుకోవాలి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ కొత్తగా తెరవడానికి ఎన్‌ఆర్‌ఐలకు వీల్లేదు, కాబట్టి దాని వడ్డీ మీద బతుకుదామనుకుంటే ముందే ఆలోచించుకోవాలి. ప్రభుత్వ పెన్షన్‌కు మీరెక్కడున్నా ఇక్కడ పన్ను లెక్క తప్పదు.

పొలం ఉన్నవాళ్లకు ఒక భయం ఉంటుంది, ఎన్‌ఆర్‌ఐ అయితే భూమి పోతుందేమోనని. పోదు. ఇక్కడ ఉన్నప్పుడు కొన్నదో, వారసత్వంగా వచ్చిందో ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికే వీల్లేదు. అయితే చట్టం ఒప్పుకున్నా గట్టు జరిపే పక్క చేను వాడు ఒప్పుకోవాలి కదా, దానికోసం నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ పోయేముందే రిజిస్టర్ చేసిపోవాలి, అందులో అమ్మే హక్కు మాత్రం రాయొద్దు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| | థాయ్‌లాండ్ | మలేషియా | మారిషస్ | నేపాల్ | పోర్చుగల్ |
|---|---|---|---|---|---|
| వయసు | 50 పైన | 25 పైన | 50 పైన | లేదు | లేదు |
| చూపించాల్సింది | 8 లక్షల బాత్ బ్యాంకులో, లేదా నెలకు 65 వేల బాత్ | 1,50,000 డాలర్ల డిపాజిట్, 6 లక్షల రింగిట్ల ఇల్లు | నెలనెలా డాలర్లలో ఆదాయం | ఏమీ వద్దు, వీసా కూడా వద్దు | నెలకు 920 యూరోలు (2026) |
| రూపాయల్లో | 20 లక్షల పైచిలుకు | రెండున్నర కోట్లకు అటూ ఇటూ | నెలకు లక్షన్నర దాటి | అద్దె, తిండి | నెలకు లక్ష దగ్గర |
| ఇంటికి దారి | చెన్నై, బెంగళూరు నుంచి నేరుగా బ్యాంకాక్ | చెన్నై, బెంగళూరు నుంచి నేరుగా | ఎక్కువగా ముంబై మీదుగా | ఎక్కువగా ఢిల్లీ మీదుగా | గల్ఫ్ లేదా యూరప్ మీదుగా, దాదాపు రోజంతా |
| మాట | కష్టం | ఇంగ్లీషు, తమిళం | ఇంగ్లీషు, ఫ్రెంచి, క్రియోల్ | హిందీతో సాగుతుంది | నేర్చుకోవాలి |
| డబ్బు ఇరుక్కోవడం | కొంత | చాలా | తక్కువ | లేదు | తక్కువ |

రూపాయి విలువ ఊగుతూ ఉంటుంది కాబట్టి మూడో వరుసను ఉజ్జాయింపుగానే తీసుకోండి. వీసా నిబంధనలు కూడా ఆయా దేశాలు తరచూ మారుస్తాయి, దరఖాస్తు పెట్టే నెలలో ఎంబసీ వెబ్‌సైట్ ఒకసారి చూడకుండా డబ్బు కదపొద్దు.

థాయ్‌లాండ్

మన లాంటి పెన్షనరుకు కాగితం మీద సరిపోయేది ఇదే. ఓ-ఏ అనే రిటైర్మెంట్ వీసా ఉంది. ఇక్కడ ఉండి దరఖాస్తు పెట్టేటప్పుడు 8 లక్షల బాత్‌కు సమానమైన మొత్తం మన బ్యాంకులో ఉన్నట్టు చూపినా చాలు. అంతా బాగానే ఉందనుకుంటాం, మెలిక తర్వాత వస్తుంది. అక్కడే ఉండి ఏటా పొడిగించుకోవాలంటే ఆ డబ్బు థాయ్ బ్యాంకులోనే ఉండాలి, దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచి, వచ్చాక మూడు నెలల దాకా ముట్టుకోకూడదు, మిగతా కాలంలో కూడా 4 లక్షల బాత్ కంటే తగ్గకూడదు. అంటే ఆసుపత్రి ఖర్చు వచ్చిందని అందులోంచి తీస్తే వీసా ఊగుతుంది. డబ్బు ఉంటుంది, వాడుకోలేం. ఒంటరిగా ఉండేవాళ్లు ఆ 8 లక్షలు కాక ఇంకో మొత్తం విడిగా పెట్టుకోవాలి.

ఆరోగ్య బీమా తప్పనిసరి, 30 లక్షల బాత్‌ల కవరేజీ అడుగుతారు. పోలీసు క్లియరెన్స్, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్లో కుష్టు, క్షయ, బోదకాలు, మూడో దశ సిఫిలిస్, మత్తుమందుల అలవాటు లేవని రాయించుకురావాలి. రిటైరైన టీచరమ్మ పోయి ఇవన్నీ నాకు లేవని రాయండి అంటే మా డాక్టరు కళ్లజోడు పైకెత్తి చూశాడు. 90 రోజులకోసారి నేను ఇక్కడే ఉన్నానని ఇమ్మిగ్రేషన్‌కు చెప్పుకోవాలి. ఉద్యోగం చేయకూడదు, ట్యూషన్లు కూడా చెప్పకూడదు, ఈ మాట నా లాంటివాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. విదేశీయులు భూమి కొనలేరు, అపార్టుమెంట్లో ఫ్లాటు కొనొచ్చు, అదీ ఆ భవనంలో 49 శాతం దాకానే విదేశీయులకు.

ఏడాదిలో 180 రోజులు దాటి ఉంటే, 2024 జనవరి నుంచి బయటి ఆదాయం అక్కడికి తెచ్చుకున్నా వాళ్ల పన్ను లెక్కలోకి వస్తుంది. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది గానీ, దాన్ని చూసే ఆడిటరును ఒకసారి కలిసిపోవడం మంచిది.

ఎక్కడ ఉండాలి అంటే, అందరూ చియాంగ్ మాయ్ అంటారు. చల్లగా ఉంటుంది, అద్దెలు తక్కువ, నిజమే. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబడి ఊరంతా పొగ. కడప ఎండకు భయపడి మార్చిలో పరిగెత్తేవాళ్లు సరిగ్గా ఆ పొగలో పోయి పడతారు. ఆస్తమా ఉంటే ఆ ఊరు వద్దు. బ్యాంకాక్‌లో సీలోం దగ్గర మారియమ్మన్ గుడి ఉంది, మనవాళ్ల దుకాణాలు ఉన్నాయి, పెద్ద ఆసుపత్రుల్లో ఇంగ్లీషు మాట్లాడతారు. నేను మళ్లీ పోతే బ్యాంకాక్‌కే పోతాను. చెయ్యి వాచిన రోజు ఆసుపత్రిలో ఇబ్బంది రాలేదు, ఆసుపత్రి దాకా పోవడంలోనే వచ్చింది. టాక్సీ అతనికి ఫోన్లో అనువాదం చూపిస్తే అతను కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

మలేషియా

ఉండడానికి ఇంతకంటే సుఖమైన చోటు నాకు కనిపించలేదు, అందులో దాపరికం లేదు. పినాంగ్‌లో మూడు వారాలున్నాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అరిటాకులో భోజనం, డాక్టరు ఇంగ్లీషు, టాక్సీ అతను తమిళం. మనకు తిరుపతి పోయివచ్చిన తమిళం ఉంటుంది కదా, ఆ ముక్కలతోనే బతికేయొచ్చు. తెలుగువాళ్లు బ్రిటిష్ కాలంలో తోటల పనికి పోయి అక్కడే ఉండిపోయారు, 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే. చెన్నై నుంచి నాలుగు గంటల ప్రయాణం. పొద్దున కడపలో రైలెక్కితే రాత్రికి అక్కడ.

అడ్డుపడేది డబ్బే. మలేషియా మై సెకండ్ హోమ్ అనే పథకాన్ని 2024లో మూడు తరగతులుగా మార్చారు. అందులో కిందిదైన సిల్వర్‌కే 1,50,000 డాలర్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, దాని పైన 6 లక్షల రింగిట్లకు తక్కువ కాని ఇల్లు కొనాలి, ఆ ఇంటిని పదేళ్ల దాకా అమ్ముకోవడానికి వీల్లేదు. గోల్డ్‌కు 5 లక్షల డాలర్లు, ప్లాటినంకు 10 లక్షలు. డిపాజిట్లో సగం ఏడాది తర్వాత ఇంటికీ వైద్యానికీ తీసుకోవచ్చు, అదొక్కటే ఊరట. ఫారెస్ట్ సిటీ లాంటి ప్రత్యేక మండలంలో 50 దాటినవాళ్లకు డిపాజిట్ బాగా తక్కువ పెట్టారు. కానీ వీసా చౌక అని మనుషులు పల్చగా ఉన్న చోట ఫ్లాటు కొనుక్కొని కూర్చోవడం ఒంటరివాళ్లు చేయాల్సిన పని కాదని నా అభిప్రాయం.

అరవై ఐదేళ్ల మనిషి పదేళ్లు అమ్మకూడని ఇల్లు కొనడం అంటే డెబ్బై ఐదు దాకా అక్కడే ఉంటాను అని సంతకం పెట్టినట్టు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఫ్లాటు అమ్మగా వచ్చిన కోట్లు ఉండి, ఇక్కడికి తిరిగి రావాల్సిన అవసరం లేనివాళ్లకైతే మలేషియానే. మిగతావాళ్లు విహారయాత్రకు పోయి అరిటాకు భోజనం చేసి రావచ్చు.

మారిషస్

మనసు లాగుతుంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, ఇంకే పరదేశంలో ఉంది చెప్పండి. తెలుగువాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటలకు పోయారు, బడుల్లో తెలుగు నేర్పుతారు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. అయితే ఇది చూసి ఊరికే పొంగిపోవద్దు. వాళ్ల ఇళ్లలో రోజూ మాట్లాడేది క్రియోల్. గుడిలో తెలుగు భజన పాడినాయన బయటికొచ్చి మనతో ఫ్రెంచిలో మాట్లాడతాడు.

50 దాటిన విదేశీ రిటైరీలకు అక్కడ నివాస అనుమతి ఇస్తారు. షరతు నెల ఆదాయం. చాలా కాలం నెలకు 1,500 డాలర్లు అక్కడి ఖాతాలోకి తెచ్చుకోవాలని ఉండేది, ఈమధ్య పెంచారు, 2,000 అని లెక్కేసుకొని దిగితే మంచిది. టీచరు పెన్షన్‌కు అందదు. పెన్షన్‌తో పాటు రెండు షాపుల అద్దెలు వచ్చే ప్రొద్దుటూరు వాళ్లకు అందుతుంది. నెలకు ఇంత పంపాలి కాబట్టి టీసీఎస్ హద్దు కూడా ఏడెనిమిది నెలల్లోపే దాటేస్తారు, అది గుర్తుపెట్టుకోండి. మన రూపే కార్డు, యూపీఐ 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ పనిచేస్తున్నాయి. నవంబరు నుంచి తుపాన్ల కాలం. చిన్న దీవి, పెద్ద ఆపరేషన్ అంటే బయటికి పోయేవాళ్లు ఉంటారు, అదొక్కటే నాకు వెనక్కి లాగిన సంగతి.

నేపాల్

విదేశమంటే నేపాలా అని మా తోటి టీచర్లు మూతి విరిచారు. నేను మాత్రం దీన్నే ఎక్కువ రోజులు తూచాను.

1950 నాటి భారత్-నేపాల్ ఒప్పందం వల్ల మనకు వీసా లేదు, ఎన్నాళ్లున్నా ఎవరూ అడగరు. విమానంలో పోవాలన్నా పాస్‌పోర్టు లేకుంటే ఓటరు కార్డు చాలు. వాళ్ల రూపాయి మన రూపాయికి 1.60 చొప్పున 1993 నుంచి కట్టేసి ఉంది, కాబట్టి డాలరు పెరిగిందని గుండె దడ ఉండదు. డిపాజిట్ లేదు, ఇల్లు కొనాల్సిన పని లేదు, కొనడానికి వీలూ లేదు. నచ్చకపోతే సంచీ సర్దుకొని రావడమే. కడపలో పుట్టినవాళ్లకు ఉర్దూ చెవిన పడకుండా ఉండదు కదా, ఆ ముక్కలతోనే పోఖరాలో నెల రోజులు బేరాలాడాను. పప్పన్నం రెండు పూటలా తింటారు, అన్నం తక్కువైందని బాధ లేదు.

లోట్లు చెప్పాలి. చలికాలం మన ఒంటికి పడదు, అక్కడి ఇళ్లలో వేడి ఏర్పాట్లు తక్కువ. కాఠ్మాండూలో చలికాలం గాలి కూడా బాగుండదు. పోఖరాలో జూన్ నడిమి నుంచి వాన అంటే అట్లాంటి ఇట్లాంటి వాన కాదు, దేశంలోనే ఎక్కువ పడే చోట్లలో అదొకటి. 2015 భూకంపం సంగతి తెలిసిందే, కాబట్టి పాత మిద్దెలో అద్దెకు దిగొద్దు. పెద్ద జబ్బు వస్తే కాఠ్మాండూకో ఢిల్లీకో రావాలి. ఢిల్లీ మీదుగా కడప చేరేసరికి ఒక పగలు, ఒక రాత్రి. దూరం లెక్కలో బ్యాంకాక్ కంటే ఇదే ఆలస్యం, ఇది నాకే వింతగా అనిపించింది.

పోర్చుగల్, దుబాయ్: రెండు ముక్కలు

పోర్చుగల్ డీ7 వీసాకు అక్కడి కనీస వేతనమంత స్థిర ఆదాయం చూపాలి, 2026లో అది నెలకు 920 యూరోలు. వినడానికి బాగుంది గానీ, ఆ డబ్బుతో వీసా వస్తుంది, లిస్బన్‌లో ఇల్లు రాదు. పెన్షనర్లకు ఇచ్చిన పాత పన్ను రాయితీ 2024 నుంచి కొత్తవాళ్లకు లేదు. యూరప్‌లో పిల్లలున్నవాళ్లకు తప్ప మన జిల్లావాళ్లకు ఎందుకో నాకు అర్థం కాలేదు.

దుబాయ్‌లో 55 దాటినవాళ్లకు ఐదేళ్ల రిటైర్మెంట్ వీసా ఉంది, పది లక్షల దిర్హాముల ఇల్లో పొదుపో ఉండాలి, లేకపోతే పెద్ద నెల ఆదాయం. గల్ఫ్‌లో వ్యాపారం చేసి అక్కడే స్థిరపడినవాళ్లకు ఇది. కువైట్‌లో ఇట్లాంటిది లేదు, అక్కడ అకామా (నివాస అనుమతి) పనితో ముడిపడింది, పని అయిపోతే అదీ అయిపోతుంది. ఇరవై ఏళ్లు కువైట్‌లో ఉన్నా ఇంకా అక్కడే ఉండిపోవచ్చు అని ఏజెంట్లు చెప్తే నమ్మొద్దు. నాకూ ఒకాయన తగిలాడు, టూరిస్టు వీసా మీద పోయి మూడు నెలలకోసారి సరిహద్దు దాటి వస్తూ జీవితాంతం ఉండొచ్చు మేడమ్ అని పదిహేను వేలు అడిగాడు. సరిహద్దు దగ్గర ఒకసారి ఆపేస్తే ఆ వయసులో ఎవరి ఇంటికి పోవాలి?

మీరు ఎవరైతే ఏది

పెన్షన్ ఒక్కటే ఆధారమై, పాతిక ముప్పై లక్షలు చేతిలో ఉండి, ఆరోగ్యం బాగుండి, కొత్త ఊళ్లో నలుగురితో కలిసే గుణం ఉన్నవాళ్లు థాయ్‌లాండ్ చూడొచ్చు. కలిసే గుణం అని ఎందుకన్నానంటే, అక్కడ పలకరించకపోతే ఎవరూ పలకరించరు, మర్యాదగా నవ్వి పోతారు. మన వీధిలోలాగా ఏమ్మా తలుపు తియ్యలేదు పొద్దున్నించి అని అడిగేవాళ్లు ఉండరు.

షుగర్‌తో పాటు గుండె జబ్బు కూడా ఉంటే, నా మాట వింటే ఏ దేశమూ పూర్తిగా వద్దు. మూడు నాలుగు నెలలు పోయి రండి. ఇల్లు అమ్మకండి.

పిల్లలు అమెరికాలో పౌరులైతే వాళ్లు తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టొచ్చు, కోటా కోసం ఎదురుచూపు ఉండదు. కానీ అరవై ఐదు దాటినా మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవాలంటే ఐదేళ్లు అక్కడ నివాసం ఉండాలి, అన్నాళ్లూ బీమా భారం పిల్లల మీదే. గ్రీన్ కార్డు తీసుకొని ఎక్కువ కాలం కడపలో ఉంటే అది నిలవదు. పిల్లల దగ్గర ఉంటే ఒంటరితనం ఉండదు అనుకునేవాళ్లు, వాళ్లు ఆఫీసుకు పోయాక కారు నడపడం రాని మనిషి ఆ ఇంట్లో పొద్దుగూకులూ ఏం చేయాలో కూడా ఆలోచించుకోవాలి.

ఆడవాళ్లు ఒంటరిగా ఉండడం గురించి చాలామంది అడిగారు. పినాంగ్, బ్యాంకాక్, పోఖరా మూడింటిలోనూ రాత్రి ఎనిమిదింటికి నడిచి ఇంటికి రావడానికి నేను భయపడలేదు. అద్దె ఇల్లు మాత్రం వీడియో చూసి తీసుకోవద్దు. వారం రోజులు లాడ్జిలో ఉండి, కాళ్లతో నడిచి చూసి, లిఫ్టు ఉందా, బాత్రూం నేల జారుతుందా, ఆసుపత్రి ఎన్ని నిమిషాలు, ఇవి చూసుకొని తీసుకోండి. బాత్రూం నేల గురించి నేను చెప్తే వినాలి మీరు.

పోయే ముందు కాగితాలు

ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు రాలేకపోతే మన రాయబార కార్యాలయంలో అధికారితో సంతకం చేయించి పంపొచ్చు, ట్రెజరీలో ముందే ఒకసారి అడిగి నమూనా తీసుకోండి. పెన్షన్ ఆగితే మళ్లీ కదిలించడం ఎంత కష్టమో మన డిపార్టుమెంటులో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టు సేవా ద్వారా పోలీసు క్లియరెన్స్ తీసుకోవాలి. పెళ్లి, మరణ ధ్రువపత్రాల్లో ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి, నా దాంట్లో ఒక అక్షరం తేడా వచ్చి నెల రోజులు తిరిగాను.

అక్కడి బ్యాంకులో డబ్బు పెడితే ఆ దేశానికి విడిగా వీలునామా రాయించుకోవడం మంచిది. ఇంకో మాట, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. అక్కడే పోతే ఏం చేయాలో, అక్కడే దహనం చేయాలో ఇంటికి తేవాలో, ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి, అక్కడ ఒకరికి ఇచ్చిపోండి. శవాన్ని తేవడం ఖరీదు, బీమాలో అది కలిసి ఉందో లేదో చూడండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఒకటుంది, కువైట్ నుంచి ఎందరినో మనవాళ్లు దాని ద్వారానే రప్పించుకున్నారు.

నా సంగతికొస్తే, ఈ ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా పోఖరా. వాన ముదరక ముందే వచ్చేస్తాను. 182 రోజులు దాటి ఇక్కడే ఉంటాను కాబట్టి ఖాతాలు, పన్నులు, ఈహెచ్‌ఎస్ ఏదీ మారదు, ఇల్లు రమీజా చూసుకుంటానంది. అది రెండేళ్లు బాగా జరిగితే, మోకాళ్లు ఒప్పుకుంటే, అప్పుడు బ్యాంకాక్ చూస్తాను. పోఖరాలో పోయినసారి నేనున్న ఇంటి కింద వాటాలో ఒక రిటైరైన నర్సు ఉంటుంది, మాయాదేవి, నాకంటే రెండేళ్లు పెద్ద. దీదీ, ఈసారి నా ఫారాల్లో నీ నంబరు రాసుకుంటాను అని ఫోన్ చేసి అడిగాను. రాసుకో, కానీ రాత్రి తొమ్మిది దాటితే రెండుసార్లు చెయ్యి, ఒక్కసారికి నాకు మెలకువ రాదు అంది.